వీడి ఏడుపు వేరు సిస్టర్

(నర్సుల దినోత్సవం నాడు విజయవాడలో నర్సింగ్ విద్యార్థినుల ముందు, పిల్లల వార్డుల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఒక హెడ్ నర్సు చేసిన ప్రసంగం. కొద్దిపాటి సవరణలతో.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. వెనక వాళ్లకి వినిపిస్తోందా? మే నెల, బెజవాడ, మధ్యాహ్నం మూడు గంటలు. మీరు కునుకు తీసినా నేనేమీ అనుకోను. (నవ్వులు) నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు కూడా ఉన్నారట. వాళ్లయితే హాయిగా పడుకోవచ్చు.

మేడమ్ గారు ఫోన్ చేసి కరుణ గురించి మాట్లాడమన్నారు. నాకు కొంచెం భయమేసింది. మే 12 వస్తే కొవ్వొత్తులు వెలిగిస్తాం, ప్రతిజ్ఞ చేస్తాం, వచ్చిన పెద్దలు మనల్ని దేవతలని పొగిడి వెళ్తారు. మర్నాడు పొద్దున డ్యూటీకి వెళ్తే కఫం లాగే సక్షన్ క్యాథెటర్లు అయిపోయి ఉంటాయి. దేవతలకు సామాను కోసం ఇండెంట్ పెట్టడం ఎవరూ నేర్పరు కదా. (నవ్వులు)

నైటింగేల్ దీపం గురించి చిన్నప్పటి నుంచీ విన్నాం. కానీ క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలతో కంటే రోగాలతోనే ఎక్కువ మంది చనిపోతున్నారని లెక్కలు కట్టింది, పటం గీసి పెద్దవాళ్ల ముందు పెట్టింది కూడా ఆవిడే. దీపం పట్టుకుని తిరిగినావిడ తెల్లారి కూర్చుని రాసింది కూడా. ఇవాళ నేను మాట్లాడేది ఆ రాయడం గురించే. మనం ఏం రాస్తున్నాం, ఎవరి మాట రాస్తున్నాం, ఎవరి మాట వదిలేస్తున్నాం అని.

నేను చెప్పే పిల్లలు ఎవరో మీకు తెలుసు. పిల్లల వార్డులో పోస్టింగు చేసినవాళ్లు చూసే ఉంటారు. సెరిబ్రల్ పాల్సీ, మనం సీపీ అంటాం, మెదడు దెబ్బతిని కాళ్లు చేతులు స్వాధీనంలో లేకపోవడం. దాంతోపాటు ఫిట్స్, దాంతోపాటు మింగలేకపోవడం, అందువల్ల మాటిమాటికీ నిమోనియా. ఊపిరి కోసం గొంతుకు రంధ్రం చేసి ట్యూబు పెట్టిన, అదే ట్రేకియాస్టమీ ఉన్న పాప. వెన్నులో పుట్టుకతోనే లోపం ఉండి మూత్రానికి రోజుకు నాలుగైదుసార్లు క్యాథెటర్ వేయాల్సిన బాబు. ఒక్కొక్కళ్లకి నలుగురు స్పెషలిస్టులుంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి పిల్లలు మా వార్డులో తక్కువగా కనిపించేవాళ్లు. ఉండేవాళ్లు కాదని కాదు, బతికేవాళ్లు కాదు. ఇప్పుడు కిలో బరువుతో పుట్టిన బిడ్డనీ కాపాడుకుంటున్నాం. మంచిదే. కాపాడిన బిడ్డల్లో కొందరు మళ్లీ మళ్లీ మన దగ్గరికే వస్తారు. వాళ్లు రాగానే గుర్తుపట్టొచ్చు. తల్లి చంకలో బిడ్డ, తండ్రి చేతిలో చీరల షాపు సంచి. ఆ సంచి నిండా ఫైళ్లు, ఎక్స్‌రేలు, స్కాన్ కవర్లు.

ఆ తల్లి మొదట క్యాజువాలిటీలో కథంతా చెబుతుంది. తర్వాత పీజీ డాక్టరుకి, ఆ తర్వాత మనకి, రాత్రి ఎనిమిదికి షిఫ్టు మారాక కొత్త సిస్టరుకి మళ్లీ మొదటి నుంచి. ఎన్నిసార్లు చెప్పినా, అందులో ఒక్క ముక్క మాత్రం మన కేస్ షీట్‌లోకి ఎక్కదు. బిడ్డ పుట్టిన బరువు ఎక్కుతుంది, ఏడ్చాడా లేదా ఎక్కుతుంది, ఫిట్స్ మందుల డోసులు ఎక్కుతాయి. ఈ బిడ్డ రోజూ ఎలా ఉంటాడు అన్నది మాత్రం ఎక్కదు.

అది ఎక్కకపోతే ఏమవుతుందో నా అనుభవమే చెబుతాను. ఆసుపత్రి పేరు వద్దు. తప్పు నాది, అది చాలు.

అప్పటికి నాకు పదకొండేళ్ల సర్వీసు. అన్నీ తెలుసనుకునే వయసు. పల్నాడు వైపు నుంచి ఒక బాబు వచ్చాడు. తొమ్మిదేళ్లు, 13 కిలోలు. కాళ్లు చేతులు బిగుసుకుపోయి ఉంటాయి, మాటల్లేవు, ఫిట్స్‌కి రెండు రకాల మందులు ఏళ్ల తరబడి వాడుతున్నారు. నిమోనియాతో అడ్మిట్ చేశాం. మూడో రోజుకి జ్వరం దిగింది, అంతా తేరుకున్నట్టే ఉంది. ఆ రాత్రి నాకు నైట్ డ్యూటీ.

పదకొండు గంటలప్పుడు తల్లి నర్సింగ్ స్టేషన్ దగ్గరికి వచ్చి, "సిస్టర్, వీడి ఏడుపు వేరుగా ఉంది" అంది. వెళ్లి చూశాను. టెంపరేచర్ చూశాను, రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ 96, నరంలో మందెక్కించే క్యాన్యులా బాగానే ఉంది, వాపు లేదు. "నీరసానికి ఏడుస్తున్నాడమ్మా, పడుకోబెట్టు" అన్నాను. పన్నెండున్నరకి మళ్లీ వచ్చింది. "ఆకలేడుపు కాదు సిస్టర్, ఊపిరి బిగబట్టి ఆగి ఆగి ఏడుస్తున్నాడు, బొటనవేలు గుప్పిట్లో పెట్టేసుకున్నాడు" అంది. అంత వివరంగా చెప్పింది చూడండి! నేను మళ్లీ టెంపరేచర్ చూశాను. రెండున్నరకి మూడోసారి వచ్చింది. అప్పటికి పక్క క్యూబికల్‌లో ఒక డెంగీ పాపకి బీపీ పడిపోయి నేను పరుగులు పెడుతున్నాను. విసుగ్గా ఒక మాట అన్నాను. "ఈ పిల్లలు ఇలాగే ఏడుస్తారమ్మా" అన్నాను.

ఈ పిల్లలు. ఆ మాట నాకింకా చెవిలోనే ఉంది.

పొద్దున రౌండ్స్‌లో డాక్టరు దుప్పటి తీసేసరికి ఎడమ తొడ వాచి ఉంది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక విరిగింది. ఎవరూ కింద పడేయలేదు, ఎవరూ కొట్టలేదు. ఏనాడూ కాళ్ల మీద నిలబడని పిల్లలకు ఎముక పలచబడిపోతుంది. తిండి సరిపోదు, ఎండ తగలదు. ఫెనిటోయిన్, ఫినోబార్బిటోన్ లాంటి ఫిట్స్ మందులు ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ డి తగ్గిపోతుంది. అలాంటి ఎముక డైపర్ మార్చేటప్పుడు కాలు కొంచెం ఎక్కువ విప్పినా, దుప్పటి మార్చేటప్పుడు ఒక పక్క నుంచి లాగినా విరగొచ్చు. సాయంత్రం దుప్పట్లు మార్చారు. అప్పుడే జరిగిందో మరెప్పుడు జరిగిందో తేలలేదు.

ఆ తల్లి గొడవ చేయలేదు. చేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేదేమో. "రాత్రే చెప్పాను కదా సిస్టర్" అని ఊరుకుంది.

ఆ పూట డ్యూటీ దిగాక కేస్ షీట్ తెరిచి నా రాతే నేను చదువుకున్నాను. రెండు ముక్కలు రాశాను. "చైల్డ్ ఇరిటబుల్. మదర్ యాంగ్జియస్." బిడ్డ చిరాగ్గా ఉన్నాడు, తల్లి కంగారు పడుతోంది అని. బిడ్డకు తొడ ఎముక విరిగిందని ఆవిడ తనకు తెలిసిన భాషలో మూడుసార్లు చెప్పింది. నేను దాన్ని ఆవిడకున్న జబ్బుగా మార్చి రాశాను. ఇప్పుడు మీలో చాలామంది డ్యూటీలో రోజూ రాసే మాటే అది, మదర్ యాంగ్జియస్ అని. రాయొద్దని అనను. రాస్తే, ఆవిడ ఎందుకు కంగారు పడుతోందో ఆవిడ మాటల్లోనే పక్కన రాయండి. డాక్టరు చదివినప్పుడు ఆ పక్క వాక్యమే పనికొస్తుంది.

మాటలు రాని పిల్లల నొప్పి కొలవడానికి ఫ్లాక్ స్కేలు ఉందని చదువుకున్నారు కదా. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం, ఈ అయిదింటికీ ఒక్కోదానికి 0 నుంచి 2. మొత్తం పదికి. 1997లో వచ్చింది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. కానీ మన బాబు దగ్గరికి ఆ స్కేలు పట్టుకెళ్తే ఏమవుతుంది? వాడి కాళ్లు ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయి. ముఖం ఎప్పుడూ ఒక పక్కకి లాగే ఉంటుంది. నొప్పి లేని రోజున కూడా మార్కులు పడతాయి. నొప్పి ఉన్న రోజున కొందరు ఏడవడం పూర్తిగా మానేస్తారు. ఒకమ్మాయి ఉండేది, నొప్పొస్తే నవ్వేది. పెద్దగా, ఆగకుండా నవ్వేది. చూసినవాళ్లంతా హుషారుగా ఉందనుకునేవాళ్లు. వాళ్ల నానమ్మ ఒక్కతే, "ఇది నవ్వు కాదు తల్లీ, దీనికి కడుపులో పోటు" అనేది. ఎనిమా ఇస్తే నవ్వు ఆగేది.

అందుకే 2006లో ఆ స్కేలును సవరించారు. స్కోరు వేసే ముందు తల్లిదండ్రుల్ని అడిగి, ఈ బిడ్డకు నొప్పొస్తే ప్రత్యేకంగా ఏం చేస్తాడో ఆ స్కేలులోనే రాసుకోవచ్చు. నాకైతే ఆ స్కేలు మొత్తంలో పనికొచ్చేది ఆ ఖాళీ గడే. "నొప్పొస్తే వీడేం చేస్తాడమ్మా?" అని అడ్మిషన్ రోజునే అడగండి. అర నిమిషం పని. అడిగితే తల్లి ముఖం ఎలా మారుతుందో చూడండి. ఆ ప్రశ్న అంతకుముందు ఆమెని ఎవరూ అడిగి ఉండరు.

నొప్పి ఉందని తేలాక ఎక్కడ వెతకాలి? పై నుంచి కిందికి రండి. పంటిలో చీము, చెవి, కంట్లో గీత, గొంతు, ట్యూబు చుట్టూ పుండు, కడుపులో గట్టిపడిన మలం, తుంటి కీలు జారడం, మడమల మీద ఒరుపు. మా వార్డులో నేను చూసినంతలో మలబద్ధకం ఒక్కటే సగం ఏడుపులకు కారణం. ఎంత చిన్న విషయం! ఎన్ని సిటీ స్కాన్‌లు తీశామో దానికి.

ఇక ట్యూబు సంగతి. ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబు వేశాక సిరంజితో గాలి కొట్టి, కడుపు మీద స్టెత్ పెట్టి, బుడబుడ వినిపించింది, సరే అని పాలు పోసేస్తాం. మా సీనియర్లు మాకలాగే నేర్పారు, మేం మీ సీనియర్లకి నేర్పాం. ఆ తప్పు గొలుసు మీతో ఆగాలి. ట్యూబు ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినిపించొచ్చు. లోపల నుంచి కొంచెం ద్రవం లాగి పీహెచ్ కాగితం మీద చుక్క వేయండి. 5.5 లేదా అంతకు తక్కువుంటే కడుపులో ఉన్నట్టు. ఎసిడిటీ మందు వాడే పిల్లలకు ఆ అంకె పైకి రావచ్చు. అనుమానం వస్తే ఎక్స్‌రే తీయించండి, మొహమాటం వద్దు. పాలు పోసేటప్పుడు తల వైపు ఎత్తుగా ఉండాలి, పోశాక కూడా అరగంట పైగా అలాగే ఉంచాలి. ఇదంతా పుస్తకంలో ఉన్నదే కదా, కరుణ ఎక్కడ అంటారేమో. పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాక ఎంత కరుణ చూపించి ఏం లాభం?

పుస్తకంలో లేనిది ఒకటి చెబుతాను. ఒక తల్లి అనింది నాతో, "సిస్టర్, ప్రతిసారీ మందు సీసా అడుగుకొచ్చేసరికి మా పాప మత్తుగా అయిపోతుంది, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. కొత్త సీసా తెరిస్తే బాగైపోతుంది, కానీ ఫిట్స్ వస్తాయి." డాక్టర్లు రెండుసార్లు డోసు మార్చారు. సీసా తీసి చూపించమన్నాను. ఫెనిటోయిన్ సిరప్. ఎలా పోస్తావో చేసి చూపించమంటే, మూత తీసి మెల్లగా వంచింది. కుదపలేదు. ఆ మందు అడుగున పేరుకుంటుంది. పైన నీళ్లు, కింద మందు. నెల మొదట్లో డోసు చాలదు, చివర్లో ఎక్కువైపోతుంది. సీసాని బాగా కుదపమని ఎవరూ చెప్పలేదు. చీటీ మీద అంత చిన్న అక్షరాల్లో ఇంగ్లిషులో ఉంది, ఆవిడకేం తెలుస్తుంది? కానీ సీసా అడుగుకీ పాప మత్తుకీ సంబంధం కనిపెట్టింది మాత్రం ఆవిడే. నేను చేసిందల్లా, "పోసి చూపించమ్మా" అనడం. అదే మందు ట్యూబులో ఇచ్చేటప్పుడు పాలతో కలిపి ఇస్తే సరిగా ఒంటబట్టదు, అదీ గుర్తుంచుకోండి. పాలకూ మందుకూ మధ్య ఎంత ఎడం ఇవ్వాలో డాక్టరుని అడిగి చార్టులో టైములు రాసుకోండి.

ముట్టుకోవడం గురించి. ఈ పిల్లల నరాలు ఎన్నోసార్లు పొడిచి పొడిచి ఎండిపోయి ఉంటాయి. క్యాన్యులా పెట్టాలంటే మనకీ టెన్షనే. టైమున్నప్పుడు మత్తు క్రీము గంట ముందు రాయండి. రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే ఇంకొకర్ని పిలవండి, అందులో అవమానమేమీ లేదు. వీలైతే బిడ్డ మంచం మీద గుచ్చకండి, ప్రొసీజర్ రూముకి తీసుకెళ్లండి. మంచం అంటే ఎవరూ సూదితో రారనే నమ్మకం కొంచెమైనా ఉండాలి కదా పిల్లలకి. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలిచి చెప్పండి, "కన్నా, చెయ్యి పట్టుకుంటున్నాను" అని. వినపడదు కదా సిస్టర్, కనపడదు కదా అంటారు. ఎంత వినపడుతుందో మనకేం తెలుసు? ముందు అరచెయ్యి మెత్తగా ఆనించి, ఒక క్షణం ఆగి, అప్పుడు కదిలించండి. బిగుసుకున్న చెయ్యి దానంతటదే కొంచెం వదులవడం మీ వేళ్లకే తెలుస్తుంది.

ఇంకోటి. బిడ్డ తల మీదుగా "పాపం" అనుకోవద్దు. పక్క బెడ్ల వాళ్లు అంటారు, పూర్వజన్మ ఖర్మ అంటారు. వాళ్ల నోరు మనం మూయించలేం. మనమైనా "ఆ సీపీ కేసు", "పద్నాలుగో బెడ్డు" అనడం మానొచ్చు.

ఇప్పుడు తల్లి సంగతికి మళ్లీ వస్తాను. బ్రిటన్‌లో ఒకప్పుడు ఆసుపత్రిలో చేరిన బిడ్డను చూడ్డానికి తల్లిదండ్రుల్ని సరిగా రానిచ్చేవాళ్లు కాదు. ఏదో వారానికి కొన్ని గంటలు. చూసి వెళ్లాక పిల్లలు ఏడుస్తారు, వార్డు క్రమశిక్షణ చెడుతుంది అని. 1959లో ప్లాట్ కమిటీ అది తప్పని, తల్లిదండ్రుల్ని రానివ్వాలని రిపోర్టు ఇచ్చాక మెల్లగా మారింది. మనకు ఆ పోరాటం అక్కర్లేకపోయింది. మన వార్డుల్లో తల్లి ఎప్పుడూ ఉంది. మంచం కింద చాప మీద ఉంది. కానీ ఎలా ఉంది? జీతం లేని ఆయాలా. తడి గుడ్డ పెట్టు, డైపరు మార్చు, ట్యూబులో పాలు పోయి, శాంపిల్ ల్యాబులో ఇచ్చిరా, అందుకు ఆవిడ కావాలి. బిడ్డ గురించి ఆవిడకు తెలిసింది అడగం.

ముప్పై మంది పిల్లలకి ఇద్దరం నర్సులం, ఇవన్నీ ఎప్పుడు చేయాలి అని మీరు అడగొచ్చు. అడగాలి కూడా. నిజం చెబుతున్నా, అన్నీ చేయలేరు. నర్సులు చాలనప్పుడు చిరునవ్వుతో పనిచేయండని వర్క్‌షాపులు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పోస్టులు నింపమని అడగడం కూడా రోగి పట్ల దయే. కానీ నేను చెప్పిన పనుల్లో సగం టైము తినేవి కావు, టైము మిగిల్చేవే. ఆ రాత్రి మూడుసార్లు వచ్చిన తల్లి మాట మొదటిసారే విని దుప్పటి తీసి చూసి ఉంటే, నాకు మిగతా రెండు నడకలు తప్పేవి.

ఒక్క పని అలవాటు చేసుకోండి. షిఫ్టులో ఎప్పుడో ఒకప్పుడు, పదిహేను నిమిషాలు దొరికితే, "నువ్వెళ్లి స్నానం చేసి ఇంత తినిరా, నేను చూస్తుంటా" అని ఆ తల్లిని పంపండి. మొదటిసారి ఎవరూ వెళ్లరు, నమ్మరు. రెండోసారి వెళ్తారు. పరుగెత్తుకుంటూ తిరిగొస్తారు, తల తడిగానే ఉంటుంది.

డిశ్చార్జి దగ్గర కొంచెం ఆగుతాను. ట్రేకియాస్టమీ బిడ్డని ఇంటికి పంపేటప్పుడు సక్షన్ ఎలా చేయాలో మనం చేసి చూపించడం కాదు, తల్లి చేత్తో చేయించండి, కనీసం ఇద్దరు ఇంటివాళ్ల చేత చేయించండి. ట్యూబు లోపలి కొలత ఎంత మిల్లీమీటర్లో దానికి రెట్టింపు నంబరు క్యాథెటర్ అని సులువు లెక్క. నాలుగు ట్యూబుకి ఎనిమిది. ఎంత లోతుకు పోవాలో ముందే కొలిచి క్యాథెటర్ మీద గుర్తు పెట్టివ్వండి. లోపల పెట్టి పది సెకన్లకు మించి లాగకూడదు. ఆ పది సెకన్లూ తల్లిని కూడా ఊపిరి బిగబట్టమనండి, బిడ్డకెలా ఉంటుందో తెలుస్తుంది. అదే సైజు ట్యూబు ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ సంచిలో ఉండాలి. వాళ్ల ఊళ్లో కరెంటు ఎన్ని గంటలు పోతుందో అడిగారా? కాలితో తొక్కే సక్షన్ మెషిన్లు ఉన్నాయి. ఆ ప్రశ్న అడగని డిశ్చార్జి సగం డిశ్చార్జే.

కాగితాల పని కూడా మనదే. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు ఎప్పుడో, పిల్లల్లో లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రం జిల్లా ఆసుపత్రిలో ఎక్కడుందో మనకి తెలిసి ఉండాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 21 రకాలు, తలసీమియా కూడా అందులో ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం పిల్లలకు కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా ఉంది. ఫిజియోథెరపీ కూడా దానికిందికి వస్తుంది. చీటీ మీద తెలుగులో రాసివ్వండి, చెబితే ఆ గందరగోళంలో మర్చిపోతారు.

టైమైపోతోందని మేడమ్ గారు చూస్తున్నారు. ఒక్కటి చదివి దిగిపోతాను.

ఆ బాబు తర్వాత మా వార్డులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇలాంటి బిడ్డ చేరగానే ఒక తెల్ల కాగితం, తెలుగులో, తల్లి చెప్పింది చెప్పినట్టు రాసి కేస్ షీట్ మొదటి పేజీగా గుచ్చేవాళ్లం. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో మొదట అదే చదవాలి. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, ఫారం నంబరు లేదు. కొందరు డాక్టర్లు నవ్వారు, తర్వాత వాళ్లే ముందు ఆ పేజీ తిప్పేవాళ్లు. ఒకటి నా దగ్గర ఉండిపోయింది. పేరూ ఊరూ తీసేసి చదువుతాను. ఏడేళ్ల పాప.

"మా పాపని బుజ్జి అంటే పలుకుతుంది. కళ్లు ఎడం వైపు తిప్పితే అవును అని. కళ్లు మూసుకుంటే వద్దు అని. ఆకలేస్తే నాలుక చప్పరిస్తుంది. నొప్పొస్తే ఏడవదు, చెమట పడుతుంది, పై పెదవి మీద. కుడి పక్కకి పడుకోబెట్టొద్దు, తుంటి నొప్పి. ఫిట్స్ వచ్చే ముందు ఒకసారి ఆవలిస్తుంది. ట్యూబు మార్చేటప్పుడు వాళ్ల నాన్న గొంతు వినిపిస్తే ఊరుకుంటుంది, ఫోన్‌లో రికార్డు ఉంది. ఉగాదికి డాక్టరు గారిని అడిగి పెదవికి బెల్లం నీళ్లు రాశాం, చాలా ఇష్టపడింది. మళ్లీ రాయొచ్చా? ప్రెషర్ కుక్కర్ చప్పుడంటే భయం, మీ దగ్గర ఆ మెషిను మోగితే కూడా అలాగే భయపడుతోంది, చెవి దగ్గర చెయ్యి పెట్టండి. రాత్రి లైటు ఆపేస్తే నిద్రపోదు. నేను బాత్‌రూముకి వెళ్తే చెప్పి వెళ్లాలి, చెప్పకుండా వెళ్తే అలుగుతుంది."

కింద మా సిస్టర్ ఒకమ్మాయి పెన్నుతో రాసింది, "బెల్లం నీళ్లు: డాక్టర్ గారు ఓకే అన్నారు, ఆదివారం."

సరేనమ్మా. టీ వచ్చినట్టుంది.